కాన్పు టైమ్‌లో స్టూడెంట్లు వద్దని చెప్పొచ్చా? చెబితే సరిగ్గా చూడరేమోనని భయం

నిండునెలలు:

అక్కలూ, అమ్మలూ, ఇక్కడ డాక్టర్లు, సిస్టర్లు ఎవరైనా ఉంటే మీరు కూడా కొంచెం ఓపికగా చదివి చెప్పండి. ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

నాకిప్పుడు 34 వారాలు. రెండో కాన్పు. మొదటిది నాలుగేళ్ల కిందట మెడికల్ కాలేజీ ఉన్న ఒక పెద్దాసుపత్రిలో అయింది. పేరు రాయను. ఎందుకంటే అక్కడే నా కొడుకుని బతికించారు. మెడకి పేగు చుట్టుకుని గుండె చప్పుడు తగ్గిపోతుంటే డ్యూటీలో ఉన్న మేడమ్ పరిగెత్తుకొచ్చి బిడ్డని బయటికి తీశారు, ఆవిడకి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. కానీ అదే రాత్రి అంతకు రెండు గంటల ముందు జరిగింది కూడా నేను మర్చిపోలేకపోతున్నాను.

నొప్పులు బాగా ఎక్కువై, బల్ల మీద కాళ్లు పైకి పెట్టి పడుకోబెట్టిన టైమ్‌లో ఏడెనిమిది మంది స్టూడెంట్లు వచ్చి నా కాళ్ల వైపు నిలబడ్డారు. సగం మంది మగపిల్లలు. తెర ఎవరూ వేయలేదు. ఒకాయన వాళ్లకి ఏదో చెబుతున్నారు, మధ్యమధ్యలో 'ఇక్కడ చూడండి' అంటున్నారు, నా ముఖం వైపు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. తర్వాత ముగ్గురు వరసగా లోపల చెయ్యి పెట్టి చూశారు. పెట్టొచ్చా అని ఎవరూ అడగలేదు. నేను వద్దండీ, వద్దండీ అన్నాను. నొప్పికి అంటున్నాననుకున్నారో ఏమో తెలియదు. పక్కనున్న సిస్టర్ మాత్రం 'సిగ్గుపడితే కాన్పు అవదమ్మా' అంది.

ఈ సంగతి మా ఆయనకి కూడా మొన్నమొన్నటిదాకా చెప్పలేదు. చెప్పాక ఆయన ప్రైవేటుకి వెళ్దాం, అప్పు చేద్దాం అంటున్నారు. కానీ ఈసారి నాకు బీపీ ఎక్కువగా ఉంది, మాత్రలు వాడుతున్నాను. ప్రైవేటులో ఏదైనా తేడా వస్తే చివరికి అదే పెద్దాసుపత్రికి పంపిస్తారు, రక్తం, ఐసీయూ, పసిపిల్లల వార్డు అన్నీ అక్కడే ఉన్నాయి కదా అని మా ఏఎన్ఎం అంటోంది, అది నాకూ నిజమే అనిపిస్తోంది.

అందుకే అడుగుతున్నాను. అక్కడే చేరి, స్టూడెంట్లు మాత్రం వద్దని చెప్పొచ్చా? ఎవరికి చెప్పాలి? చెబితే కోపం పెట్టుకుని పట్టించుకోకుండా వదిలేస్తారా? నాకు కాన్పు కంటే దాని గురించే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. పీడకలలు వస్తున్నాయి.

---

రిటైర్డ్_సిస్టర్:

తల్లీ, ముందు ఒక మాట. వద్దని చెప్పడం నీ హక్కు, అందులో నీ తప్పేమీ లేదు. నేను 31 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను, అందులో పద్దెనిమిదేళ్లు లేబర్ రూమ్‌లోనే. 'సిగ్గుపడితే కాన్పు అవదు' అనే మాట నేనూ ఎందరితోనో అన్నాను. ధైర్యం చెబుతున్నాననే అనుకునేదాన్ని. మా కోడలి పురుటికి పక్కన నిలబడ్డప్పుడు, వేరే సిస్టర్ నోట అదే మాట వింటే, ఆ పిల్ల ముఖం చూశాక నాకు అర్థమైంది నేనేం అంటూ వచ్చానో. నీకు ఆ మాట అన్న సిస్టర్ తరఫున నేను క్షమాపణ అడగలేను గానీ, నా తరఫున అడుగుతున్నాను.

ఇప్పుడు పని సంగతి చూద్దాం. చాలామంది చేసే పొరపాటు నొప్పులు మొదలయ్యాక చెప్పడం. అప్పుడు నువ్వు ఏమన్నా నొప్పికి అంటున్నావనే అనుకుంటారు. పైగా అక్కడ ఒక్కో నర్సు నలుగురైదుగురిని చూసుకుంటూ ఉంటుంది. అందుకని 36 వారాల చెకప్‌కి వెళ్లినప్పుడే ఓపీలో చెప్పు. నోటితో చెప్పి ఊరుకోకు. పెద్దాసుపత్రుల్లో యూనిట్లు ఉంటాయి, ఏ రోజు చేరితే ఆ రోజు అడ్మిషన్ ఉన్న యూనిట్ వాళ్లు చూస్తారు. నువ్వు సోమవారం మేడమ్‌తో మాట్లాడి గురువారం నొప్పులొచ్చి చేరితే గురువారం వాళ్లకి ఆ సంగతి తెలియనే తెలియదు. అందుకే నీ తల్లీబిడ్డ కార్డు మీద, ఓపీ చీటీ మీద రాయించుకో. 'ట్రీట్‌మెంట్ చేసే డాక్టర్లు, సిస్టర్లు తప్ప చూడటానికి స్టూడెంట్లు వద్దని పేషెంటు కోరుతున్నారు' అని ఒక్క లైను, కింద డాక్టర్ సంతకం. చేరగానే అదే లైను కేస్ షీట్ మొదటి పేజీలో కూడా పడాలి.

ఇంకొకటి డ్యూటీ మారే టైమ్. మా దగ్గర పొద్దున్న 8 నుంచి 2, 2 నుంచి రాత్రి 8, అక్కణ్నుంచి తెల్లారి 8 దాకా. వేరే చోట్ల కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. ఒక డ్యూటీ వాళ్లకి చెప్పింది రెండో డ్యూటీ వాళ్లకి చేరకపోవడం మామూలే, కావాలని చేసేది కాదు. అందుకని నీ పక్కన ఉండే మనిషి ప్రతి డ్యూటీ మారినప్పుడు ఇంచార్జి సిస్టర్ దగ్గరికి వెళ్లి మర్యాదగా ఒకసారి గుర్తు చేయాలి. నొప్పులు పడేదానివి నువ్వు, ఆ పని నీది కాదు. కాస్త నోరున్న మనిషిని పక్కన పెట్టుకో.

పట్టించుకోకుండా వదిలేస్తారా అన్నావు. గొణుక్కునే వాళ్లు ఒకరిద్దరు ఉంటారు, ఉండరని నేను చెప్పను. కానీ బీపీ ఉన్న కేసుని వదిలేసే ధైర్యం ఎవరికీ ఉండదు తల్లీ, తేడా వస్తే అందరూ సమాధానం చెప్పుకోవాలి.

---

గోదారి_గట్టు:

చెల్లెమ్మా, నీ బాధ అర్థమైంది, అలా తెర లేకుండా చేయడం తప్పే. కానీ ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. మా ఆవిడకి రెండు కాన్పులూ సర్కారు ఆసుపత్రిలోనే అయ్యాయి, పైసా తీసుకోలేదు. స్టూడెంట్లు నేర్చుకునేది అక్కడే కదా. అందరూ వద్దంటే రేపు మన కూతుళ్లకి కాన్పు చేసేదెవరు? కార్పొరేట్ ఆసుపత్రిలో స్టూడెంట్లని పెట్టరు, డబ్బున్న వాళ్ల మీద ఎవరూ నేర్చుకోరు. మరి ఎక్కడో ఒకచోట నేర్చుకోవాలి కదా?

---

కోర్టు_మెట్లు:

గోదారి గట్టు గారూ, మీరు అడిగిందాంట్లోనే జవాబు ఉంది. డబ్బున్న వాళ్ల మీద ఎవరూ నేర్చుకోరు అన్నారు. ఎందుకు? వాళ్లని అడగాల్సి వస్తుంది కాబట్టి. డబ్బు లేని వాళ్లని అడగక్కర్లేదు అనుకుంటున్నాం కాబట్టి.

నేను అడ్వకేటుని. ఫ్రీ సంగతి ముందు. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రానుపోను బండి అన్నీ ఉచితం. అది ప్రతి గర్భిణికీ ఇచ్చిన హక్కు. బదులుగా ఒంటిని పాఠానికి ఇవ్వాలని అందులో ఎక్కడా లేదు.

ఇక చట్టం మాట. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో చెప్పింది ఏమిటంటే పేషెంటు సమ్మతి ఏ పనికి ఇచ్చారో ఆ పనికే చెల్లుతుంది, పరీక్షకి ఇచ్చిన సమ్మతిని ఆపరేషన్‌కి వాడుకోకూడదు. ఆ కేసు స్టూడెంట్ల గురించి కాదు, గర్భసంచి తీసేయడం గురించి. కానీ సూత్రం ఇక్కడికీ వర్తిస్తుందని నా వాదన. కాన్పు చేయండి అని ఒప్పుకున్నంత మాత్రాన ఎనిమిది మందికి చూపించండి అని ఒప్పుకున్నట్టు కాదు. తర్వాత 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జిల బెంచి గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన పేషెంట్ల హక్కుల చార్టర్‌లో సమ్మతి ఒక హక్కు, గోప్యత, మర్యాద ఇంకో హక్కు. మగ డాక్టరు ఆడ పేషెంటుని పరీక్ష చేసేటప్పుడు ఇంకో ఆడమనిషి పక్కన ఉండాలని కూడా అందులో ఉంది. దాన్ని అమలు చేయమని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలకి రాసింది. అయితే చార్టర్ అనేది నేరుగా చట్టం కాదు, అది చూపించి పోలీస్ స్టేషన్‌కి వెళ్లలేరు. సూపరింటెండెంట్‌కి అర్జీ పెట్టేటప్పుడు మాత్రం బాగా పనికొస్తుంది.

నిండునెలలు గారూ, చేరేటప్పుడు మీతోనో మీవారితోనో ఒక ఫారం మీద సంతకం పెట్టిస్తారు. చాలా చోట్ల అందులో ఇది టీచింగ్ ఆసుపత్రి అని తెలిసి చేరుతున్నాం అనే వాక్యం ఉంటుంది. చదవకుండా పెట్టకండి. ఆ లైన్ కింద మీ చేత్తో 'స్టూడెంట్లు చూడటానికి, పరీక్ష చేయడానికి నా సమ్మతి లేదు' అని రాసి సంతకం చేయండి. సంతకం మీవారు చేస్తున్నా ఆ మాట మీరే రాయండి, ఒళ్లు మీది కాబట్టి.

జరిగిపోయిన దాని గురించి ఫిర్యాదు చేయాలనుకుంటే సూపరింటెండెంట్, ఆర్‌ఎంవో (ఆసుపత్రి రోజువారీ వ్యవహారాలు చూసే డాక్టరు) దగ్గరికి రాతపూర్వకంగా వెళ్లొచ్చు. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ కూడా ఉంది గానీ అది ఏడాది లోపు జరిగిన వాటినే తీసుకుంటుంది, మీది నాలుగేళ్ల కిందటిది. వినియోగదారుల కమిషన్ దారి కూడా అందరికీ ఉచితంగా చూసే ఆసుపత్రుల మీద పనిచేయదు, 1995 నాటి శాంత కేసు తీర్పు అడ్డం వస్తుంది. ఫిర్యాదు చేయాలా వద్దా అనేది పూర్తిగా మీ ఇష్టం. ముందు కాన్పు సాఫీగా కానివ్వండి.

---

ఆప్రాన్_కుర్రాడు:

నేను ఎంబీబీఎస్ ఫైనల్ ఇయర్. అక్కా, మీరు రాసింది చదివాక రెండు రోజులు ఇక్కడ రాయాలా వద్దా అని ఆలోచించాను. మీరు చెప్పిన ఆ గుంపులో నిలబడేది మాలాంటి వాళ్లమే.

మా మొదటి లేబర్ రూమ్ పోస్టింగ్‌లో మమ్మల్ని లోపలికి పంపి చూడండి అన్నారు. ఎక్కడ నిలబడాలో తెలియదు, అందరం వెనక్కి వెనక్కి జరుగుతుంటే ముందుకి రమ్మని తిట్టారు. బల్ల మీద ఉన్నావిడ నా వైపు చూసి కళ్లు గట్టిగా మూసుకుంది. ఇప్పటికీ నాకు ఆ రోజు చెప్పిన పాఠం గుర్తులేదు, ఆవిడ కళ్లు మూసుకోవడమే గుర్తుంది. పేరు అడగాలని, నేనెవరో చెప్పుకోవాలని నాకు అప్పుడు తట్టలేదు. పేషెంటుని అనుమతి అడగాలని క్లాసులో చెప్పారు. మాకు ఎథిక్స్, పేషెంటుతో మాట్లాడటం గురించి 2019 సిలబస్ నుంచి ప్రత్యేకంగా క్లాసులు ఉన్నాయి, పరీక్షల్లో మార్కులు కూడా ఉన్నాయి. కానీ వార్డులోకి వెళ్లాక మాకు చెప్పేవాళ్లు అడగరు, వాళ్లు అడగనిది మేం అడిగితే ఏమంటారోనని మేమూ నోరు మూసుకుంటాం. చూసినవి, చేసినవి రాసుకునే లాగ్‌బుక్‌లో వాళ్ల సంతకం కావాలి కదా అని.

గోదారి గట్టు అన్నగారూ, నేర్చుకోవడం మాట అన్నారు కాబట్టి చెబుతున్నాను. మా సిలబస్‌లోనే కాన్పు దశలు బొమ్మ మీద ప్రాక్టీసు చేసి చూపించాలని ఉంది, అసలు కాన్పు దగ్గర చూడాలి, సాయం చేయాలి. చూడటానికి ఎనిమిది మంది ఒకే పేషెంటు దగ్గర నిలబడాలని ఎక్కడా లేదు. వెనక నిలబడ్డ ఐదుగురికి ముందున్న వాళ్ల వీపులే కనిపిస్తాయి, అది నేర్చుకోవడమూ కాదు.

రెండో పోస్టింగ్ నుంచి నేను అడగడం మొదలుపెట్టాను. నొప్పులు తక్కువగా ఉన్నప్పుడే వెళ్లి, పేరు చెప్పి, అమ్మా నేను స్టూడెంట్‌ని, మీ కాన్పు అప్పుడు ఇక్కడ ఉండొచ్చా, వద్దంటే వెళ్లిపోతాను అని. వద్దన్న వాళ్లు ఉన్నారు. అప్పుడు బయటికి వచ్చేశాను, నాకేం నష్టం కాలేదు, ఇంకో రోజు ఇంకొకరు ఒప్పుకున్నారు. ఒప్పుకున్న ఒకావిడ పొద్దున్నించి మంచినీళ్లు ఇవ్వమని, వాళ్లమ్మకి ఫోన్ చేయమని నన్నే అడిగింది, మధ్యాహ్నం దాకా పక్కనే ఉన్నాను. నొప్పి ఎలా పెరుగుతుందో, మనిషి ఎప్పుడు భయపడుతుందో, ఎప్పుడు కుదుటపడుతుందో ఆ ఒక్క రోజులో చూసింది నేను మిగతా పోస్టింగ్ మొత్తంలో చూడలేదు.

అక్కా, మీరు వద్దని చెప్పండి. మా చదువు ఆగిపోతుందని మీరేమీ అనుకోవద్దు.

---

వైజాగ్_అమ్మమ్మ:

ఈ బాబు రాసింది చదివి కళ్లు చెమర్చాయి. మా విశాఖలో విక్టోరియా ఆసుపత్రిని మేమందరం ఇప్పటికీ ఘోషాసుపత్రి అనే అంటాం. ఘోషా అంటే పరదా. మగవాళ్ల కంట పడకుండా ఆడవాళ్లు వైద్యం చేయించుకునే చోటు అని ఆ పేరు. మద్రాసులో కూడా 1885లో అలాంటి ఘోషా ఆసుపత్రి మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన మేరీ షార్లీబ్ అనే ఆవిడ, మగ డాక్టర్ల ముందుకి రాలేక కాన్పుల్లో ఆడవాళ్లు పడే అవస్థలు విని, 1875లో మద్రాస్ మెడికల్ కాలేజీలో స్టూడెంట్‌గా చేరింది. ఆడపిల్లలు అక్కడ చేరడం అదే మొదలు.

అంటే చూడండి, ఆడవాళ్లు వద్దన్నారు కాబట్టే ఆడవాళ్లు డాక్టర్లయ్యే దారి పడింది. వాళ్లు వద్దంటే వైద్యవిద్య ఆగిపోలేదు కదా. పాతకాలం పరదా మళ్లీ రావాలని నేను అనడం లేదు, పరదాలో మగ్గిపోయి వైద్యం అందక పోయిన వాళ్లు ఎందరో. నేను అడిగేది ఆ బల్లకి ఒక తెర.

---

లెస్టర్_తెలుగమ్మాయి:

నేను ఇంగ్లండ్‌లో ఉంటాను, ఇద్దరు పిల్లలూ ఇక్కడే ఎన్‌హెచ్‌ఎస్, అంటే ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో పుట్టారు. ఇదీ ఉచితమే, ఇక్కడా స్టూడెంట్లు ఉంటారు, ఫ్రీ కాబట్టి అడగకూడదు అనే మాట మాత్రం వినలేదు. బర్త్ ప్లాన్ అని ఒక కాగితం ముందే నింపిస్తారు, అందులో స్టూడెంట్లు ఉంటే మీకు అభ్యంతరమా అని ఒక ప్రశ్నే ఉంటుంది. మొదటి కాన్పుకి నేను అభ్యంతరమే అని రాశాను. ఎవరూ ఏమీ అనలేదు.

రెండోసారి నొప్పుల మీద ఉండగా ఒక స్టూడెంట్ మిడ్‌వైఫ్, అంటే కాన్పులు చేయడం నేర్చుకునే అమ్మాయి, వచ్చి మోకాళ్ల మీద కూర్చుని, నా ముఖం ఎదురుగా, పేరు చెప్పి, ఉండొచ్చా అని అడిగింది. ఇక్కడ మిడ్‌వైఫ్ పాసవ్వాలంటే 40 కాన్పులు స్వయంగా చేయాలట, ఆ నలభైకీ నలభై మందినీ అడగాలి. సరే అన్నాను. పద్నాలుగు గంటలు నా నడుము రాసింది ఆ పిల్లే. వాళ్ల షిఫ్ట్ అయిపోయినా వెళ్లలేదు.

ఇక్కడంతా బంగారం అని చెప్పడానికి రాయలేదండీ, ఇక్కడా మిడ్‌వైఫ్‌లు చాలక ఇబ్బందులు పడుతున్నారు. అడగడానికి పట్టేది అర నిమిషమే కదా అని రాశాను.

---

రెండో_ఏడు_పీజీ:

ఎంబీబీఎస్ అయ్యాక గైనిక్ పీజీ చేస్తున్నాను, ప్రభుత్వ కాలేజీలో. లంచ్ లేని డ్యూటీ మధ్యలో రాస్తున్నాను కాబట్టి తప్పులుంటే క్షమించండి. పైన అందరూ మంచి మాటలు చెప్పారు, కానీ ఒక తేడా ఎవరూ సరిగ్గా చెప్పలేదు, అది మీ ప్రాణానికి సంబంధించింది.

చూడటానికి వచ్చే వాళ్లు వేరు, మిమ్మల్ని చూసుకునే వాళ్లు వేరు. ఎంబీబీఎస్ స్టూడెంట్లు, నర్సింగ్ స్టూడెంట్లు ఎక్కువగా చూడటానికి, నేర్చుకోవడానికి వస్తారు, వాళ్లని మీరు నిశ్చింతగా వద్దనొచ్చు. పీజీలు అలా కాదు. మేమూ చదువుకునే వాళ్లమే, కానీ రాత్రి రెండింటికి మీ బీపీ చూసేది, మందు వేసేది, అవసరమైతే కాన్పు చేసేది మేమే. పైన అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉంటారు, ఆవిడ ఆ టైమ్‌లో థియేటర్‌లో ఇంకో సిజేరియన్‌లో ఉండొచ్చు. 'చదువుకునే వాళ్లెవరూ వద్దు' అని రాస్తే ఎవరు రావాలో తెలియక అయోమయం అవుతుంది. సిస్టర్ గారు చెప్పిన లైనే సరైనది, ట్రీట్‌మెంట్ చేసే వాళ్లు తప్ప అని. హౌస్ సర్జన్లు, అంటే ఎంబీబీఎస్ పరీక్షలయ్యాక ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునే వాళ్లు, మధ్యలో ఉంటారు, వాళ్లు బీపీ చూడటం, బిడ్డ గుండె చప్పుడు వినడం లాంటివి చేస్తారు, దానికి ఒప్పుకోండి, లోపల పరీక్ష మాత్రం పీజీ గానీ పైవాళ్లు గానీ చేయాలని చెప్పొచ్చు. లేడీ డాక్టరే కావాలని కూడా అడగొచ్చు. గైనిక్‌లో ఎక్కువ మందిమి ఆడవాళ్లమే కాబట్టి చాలాసార్లు కుదురుతుంది. ఎమర్జెన్సీలో ఎవరు దగ్గరుంటే వాళ్లని రానివ్వండి, ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను.

లోపల చెయ్యి పెట్టి చూడటం గురించి. మేం పీవీ అంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సిఫార్సుల ప్రకారం నొప్పులు ఊపందుకున్నాక మామూలు కాన్పులో నాలుగు గంటలకి ఒకసారి చాలు, ఒకే మనిషిని వేరువేరు వాళ్లు వెంటవెంటనే చూడటం మానుకోవాలి. టీచింగ్ ఆసుపత్రుల్లో నేర్చుకోవడం కోసం ఇలా జరుగుతుందని అందులోనే రాశారు. ఎన్నిసార్లు చెయ్యి పెడితే అంత ఇన్‌ఫెక్షన్ భయం. కాబట్టి మీకు జరిగింది మర్యాద లేకపోవడం ఒక్కటే కాదు, వైద్యంగా కూడా తప్పు. ఎవరైనా పరీక్షకి వస్తే 'ఇందాకే చూశారు, మళ్లీ ఎందుకండీ' అని అడగండి. అవసరం ఉంటే మేం కారణం చెబుతాం, బీపీ ఉంది కాబట్టి మీకు కొన్నిసార్లు ఎక్కువ అవసరం కావొచ్చు.

పక్కన మనిషి ఉండొచ్చు. కాన్పు టైమ్‌లో తోడుగా ఒక ఆడమనిషిని, వీలైతే కాన్పు అనుభవం ఉన్న మనిషిని, ఉండనివ్వాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు 2016 నుంచే ఉన్నాయి, చాటు ఉన్న చోట భర్తని కూడా. తెరలు, అడ్డాలు ఉండాలని లేబర్ రూములు బాగుచేయడానికి 2017లో కేంద్రం మొదలుపెట్టిన లక్ష్య కార్యక్రమంలో ఉంది, చాలా లేబర్ రూములు దాంతో బాగుపడ్డాయి. మీ పాత ఆసుపత్రి కూడా ఈ నాలుగేళ్లలో మారి ఉండొచ్చు, ఓపీకి వెళ్లినప్పుడు ఒకసారి చూసి రండి.

ఇంకా ముఖ్యం. తలనొప్పి తగ్గకపోయినా, కళ్ల ముందు మసకలు వచ్చినా, పొట్ట పైభాగంలో నొప్పి వచ్చినా, ముఖం చేతులు ఒక్కసారిగా వాచినా, బిడ్డ కదలికలు తగ్గినా ఆలోచించకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. స్టూడెంట్లు ఉంటారేమోనన్న భయంతో ఒక్క గంట కూడా ఇంట్లో ఆగొద్దు. బీపీ పెరిగి ఫిట్స్ వచ్చి చేరిన వాళ్లని చూశాను, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను. పీడకలల గురించి కూడా ఓపీలో డాక్టర్‌కి చెప్పండి, దాచుకునే విషయం కాదు అది, సాయం ఉంటుంది.

---

గోదారి_గట్టు:

ఇన్ని చదివాక మా ఆవిడని అడిగాను, నీకు అప్పుడు ఎలా జరిగింది అని. పన్నెండేళ్లలో మొదటిసారి అడిగాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత చెప్పింది. ఆవిడ చెప్పినవి ఇక్కడ రాయను. చెల్లెమ్మా, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

---

నిండునెలలు:

అందరికీ నమస్కారం. ఆలస్యంగా రాస్తున్నాను. ఆడపిల్ల పుట్టింది, 2.7 కిలోలు. నాకు బీపీ పెరిగి 37 వారాలకే నొప్పులు తెప్పించారు, మామూలు కాన్పే అయింది.

అనుకున్నట్టు అంతా జరగలేదు, జరిగింది జరిగినట్టు రాస్తాను, వేరే వాళ్లకి పనికొస్తుందని. 36 వారాలప్పుడు ఓపీలో మేడమ్‌కి చెబితే ఆవిడ నన్ను కాసేపు చూసి, ముందు ఏమైనా జరిగిందా అని అడిగారు. చెప్పాను, ఏడ్చాను కూడా. ఆవిడ ఏమీ మాట్లాడకుండా కార్డు మీద ఆ లైను రాసి సంతకం పెట్టారు. ఫారంలో నా మాట నేనే రాశాను, కోర్టు మెట్లు గారూ, రాసేటప్పుడు చెయ్యి వణికింది. మా పిన్ని తోడుగా ఉంది. అంగన్‌వాడీ టీచరు, ఇద్దరు పిల్లల తల్లి, ఎవరికీ భయపడదు. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ మారగానే నలుగురు నర్సింగ్ స్టూడెంట్లు తెర పక్కకి లాగి లోపలికి వచ్చేశారు, కేస్ షీట్ ఎవరూ చూడలేదు. పిన్ని లేచి అడ్డంగా నిలబడి కార్డు చూపించింది. వాళ్లతో వచ్చిన మేడమ్ కొంచెం విసుక్కుంది, ఇలా అయితే పిల్లలు ఎలా నేర్చుకుంటారు అంది, కానీ వెళ్లిపోయారు. తెర వేసి మరీ వెళ్లారు. ఒక హౌస్ సర్జన్ అబ్బాయి బీపీ చూస్తూ మొదటిసారి కార్డు చదివి, సారీ అక్కా, పరీక్ష పీజీ మేడమే చేస్తారు అన్నాడు. లోపల పరీక్ష మొత్తం మీద ఇద్దరే చేశారు, ప్రతిసారీ ముందు చెప్పి చేశారు.

సాయంత్రం ఆ నలుగురిలో ఒక అమ్మాయి ఒక్కతే మళ్లీ వచ్చింది. తెర బయటే నిలబడి, అక్కా నేను లోపలికి రావొచ్చా, చూడటానికి కాదు, మీకు ఏమైనా కావాలేమోనని అంది. రమ్మన్నాను. కాళ్ల వైపు వెళ్లొద్దు, నా తల దగ్గరే ఉండు అన్నాను. చివరిదాకా అక్కడే ఉంది, ఒక చెయ్యి పిన్ని పట్టుకుంటే ఇంకో చెయ్యి ఆ పిల్ల పట్టుకుంది. పేరు అడగడం మర్చిపోయాను. ఆప్రాన్ తమ్ముడూ, నువ్వు రాసింది ఆ టైమ్‌లో నాకు గుర్తొచ్చింది.

మా ఆయన ఇప్పుడు ఆ ఆసుపత్రి సూపరింటెండెంట్‌కి ఉత్తరం రాద్దాం అంటున్నారు, పాతది ఒక్కటే కాదు, ఈసారి బాగా చూసిన వాళ్ల గురించి కూడా, తెర పక్కకి లాగి లోపలికి వచ్చే ముందు కేస్ షీట్ చూడమని కూడా. సిస్టర్ అమ్మా, ఎలా రాయాలో మీరు సాయం చేస్తారా? కుట్లు ఇంకా లాగుతున్నాయి, బీపీ మాత్రలు వాడుతున్నాను, పాప లేస్తోంది, ఉంటాను.

---

రిటైర్డ్_సిస్టర్:

తప్పకుండా చేస్తాను తల్లీ. నువ్వు ముందు మొదటి కాన్పు జరిగిన తేదీ, వార్డు, రెండో కాన్పు తేదీ ఒక కాగితం మీద రాసి పెట్టుకో. మిగతాది నీకు ఓపిక వచ్చాక కూర్చుని రాద్దాం. పాపకి ఎండ తగలనివ్వు, నువ్వు ఉప్పు తగ్గించి తిను, బీపీ చెకప్ మానొద్దు.